నాయనమ్మ సోడియం, నా హిమోగ్లోబిన్

పోయిన ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే మా నాయనమ్మ మా అమ్మ చెయ్యి పట్టుకుని "సుబ్బులూ, గేదెకి కుడితి పెట్టావంటే?" అని అడిగింది. మా అమ్మ పేరు సుబ్బులు కాదు. సుబ్బులు మా నాయనమ్మ చెల్లెలు, పోయి పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో గేదెల్ని అమ్మేసి కూడా ఇంచుమించు అంతే అయింది.

అంతకు ముందు రెండు వారాల నుంచీ నాయనమ్మ "నీరసంగా ఉందమ్మాయ్, కాళ్ళల్లో సత్తువ లేదు" అంటూనే ఉంది. మాది పల్నాడు. రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివే ఉంటారు, మా ఊరూ దానికి పెద్ద తీసిపోదు. ఏప్రిల్లో డెబ్బై రెండేళ్ళ మనిషి నీరసం అంటే ఎవరికి ఆశ్చర్యం? "ఎండలు కదా, నీళ్ళు ఎక్కువ తాగు" అన్నాం అందరం. నేనూ హాస్టల్ నుంచి ఫోన్లో అదే చెప్పాను. పాపం ఆవిడ మా మాట విని బిందెలకి బిందెలు తాగింది. ఆ నీళ్ళే ఆవిడని ఆసుపత్రి దాకా తీసుకెళ్ళాయని తర్వాత తెలిసింది.

గుంటూరులో రక్తపరీక్ష చేస్తే సోడియం 116 వచ్చింది. ఉండాల్సింది 135 నుంచి 145. యూనిట్లు లీటరుకి మిల్లీమోల్స్. మన కెమిస్ట్రీ ల్యాబులో మొలారిటీ లెక్కలు వేసి మర్చిపోయామే, అవే.

ఈ వ్యాసం ఆ 116 గురించీ, ఆ తర్వాత నాలుగు నెలలకి నాకొచ్చిన ఇంకో అంకె గురించీ. మధ్యలో కొంచెం ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ కూడా వస్తుంది, ఈఈఈ దాన్ని కాబట్టి క్షమించాలి.

మన తెలుగు మాట "నీరసం" చూడండి. రసం లేకపోవడం నీరసం. ఒంట్లో ఉండాల్సిన ద్రవమేదో ఇంకిపోయిందన్నట్టు వినిపిస్తుంది. అందుకే కాబోలు నీరసం అనగానే నీళ్ళో, గ్లూకోజో, కొబ్బరిబోండామో చేతిలో పెడతాం. కానీ ఒంట్లో ఉన్నవి ఉత్త నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే రెండు రకాల ఉప్పునీళ్ళు. కణాల బయట సోడియం ఎక్కువ, 140 దాకా. పొటాషియం 4 దగ్గర. కణాల లోపల దీనికి తలకిందులు: పొటాషియం 140, సోడియం పదీ పన్నెండూ. ఈ తేడా దానంతటది నిలబడదు. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు ఉండి, మూడు సోడియం అయాన్లని బయటికి తోసి రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాగుతూ ఉంటుంది. దీన్ని 1957లో యెన్స్ స్కౌ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త గుర్తించాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా ఇచ్చారు. మనం ఏ పనీ చెయ్యకుండా పడుకున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు ఈ పంపే తినేస్తుంది. ఏమీ చెయ్యకుండా కూర్చున్నా ఆకలేస్తుందంటే దానికి కొంత కారణం ఇదన్నమాట.

ఎందుకింత ఖర్చు? ఆ అయాన్ల తేడా వల్లే కణం గోడకి అటూ ఇటూ ఓ 70 మిల్లీవోల్టుల వోల్టేజి నిలబడుతుంది. డెబ్బై మిల్లీవోల్టులా, మల్టీమీటర్లో కనపడనే కనపడదు అనుకోకండి. ఆ గోడ మందం ఏడు నానోమీటర్లు కూడా ఉండదు. భాగించి చూడండి, మీటరుకి కోటి వోల్టులు వస్తుంది. గాలి ముప్పై లక్షల దగ్గరే స్పార్క్ అయిపోతుంది! ఆ వోల్టేజిని క్షణకాలం వదిలి మళ్ళీ నిలబెట్టుకోవడమే నరాల్లో సిగ్నల్ అంటే. కండరం బిగుసుకోవాలన్నా, గుండె కొట్టుకోవాలన్నా ఇదే పద్ధతి. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళు పదో తరగతిలో ఎలక్ట్రోలైట్‌ని "విద్యుద్విశ్లేష్యం" అని నోరు తిరక్క కష్టపడి ఉంటారు. మన ఒంట్లో ఉన్నవీ అవే: సోడియం, పొటాషియం, క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం.

కాబట్టి ఈ లవణాల లెక్క తప్పితే మొదట తెలిసేది నీరసమే. పొటాషియం తగ్గితే కండరాలు సడలుతాయి, పిక్కలు పట్టేస్తాయి, గుండె దడదడలాడుతుంది. సోడియం తగ్గితే వికారం, తలనొప్పి, నడకలో తూలు. బాగా తగ్గితే మెదడు దెబ్బతింటుంది. ఎందుకంటే బయట ఉప్పు పలచబడ్డప్పుడు నీళ్ళు ఆస్మాసిస్‌తో కణాల్లోకి దూరతాయి, కణాలు ఉబ్బుతాయి. కాలు ఉబ్బితే ఉబ్బింది, చోటుంది. మెదడు ఉబ్బడానికి పుర్రెలో చోటెక్కడిది? గేదెకి కుడితి అడగడం ఆ ఉబ్బు మాట్లాడిన మాట. ఇంకా తగ్గితే ఫిట్స్ వస్తాయి.

మరి మా నాయనమ్మకి ఎందుకు తగ్గింది? మూడు కారణాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నెల క్రితం బీపీ మాత్ర మారింది. కొత్త మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు కలిసి ఉంది. ఇది ఉప్పుని మూత్రంలో బయటికి పంపి బీపీ తగ్గిస్తుంది. (బీపీ మాత్రల పేరు చివర "హెచ్" అక్షరం ఉంటే చాలావరకు ఈ మందు కలిసిందని అర్థం.) రెండోది, బీపీ అన్నారు కదా అని ఆవిడ ఉప్పు దాదాపు మానేసింది. పచ్చడి మానేసింది, మజ్జిగలో కూడా ఉప్పు వేసుకోలేదు. పైగా పళ్ళు లేవు కాబట్టి తినేది రెండు ముద్దలు. మూడోది మా సలహా, నీళ్ళు. ఉప్పు బయటికి పోతోంది, లోపలికి రావడం లేదు, మిగిలినదాన్ని మనం పలచన చేస్తున్నాం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ విడిగా తప్పు కాదు. అదే నాకు ఇప్పటికీ భయం వేసే విషయం.

ఆ మందు మంచిదే, లక్షల మంది వాడుతున్నారు, చవక కూడా. కొందరికి, ముఖ్యంగా సన్నగా ఉండే ముసలి ఆడవాళ్ళకి, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఇలా సోడియం పడిపోతుందని డాక్టరు గారు చెప్పారు. అందుకే మాత్ర మార్చిన రెండు మూడు వారాలకి ఒకసారి సోడియం, పొటాషియం చూపించుకుంటే సరిపోతుందట. ఇది చదివి ఇంటికి ఫోన్ చేసి "అమ్మమ్మా, ఆ మాత్ర మానెయ్" అని మాత్రం చెప్పకండి, బీపీ పెరిగి పక్షవాతం వస్తే ఆ పాపం ఈ పత్రికది కాదు. "మాత్ర మారాక రక్తపరీక్ష చేయించారా?" అని అడగండి చాలు.

ఆసుపత్రిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది వైద్యం ఎంత నెమ్మదిగా చేశారన్నది. ఉప్పు తక్కువైంది, ఉప్పు ఎక్కించెయ్యొచ్చు కదా, రెండు గంటల పని అనుకున్నాను. కాదు. రోజుకి ఎనిమిది, మహా అయితే పది పాయింట్లకి మించి పెంచకూడదట. మెదడు కణాలు ఉబ్బకుండా ఉండటానికి రోజుల తరబడి తమలోపలి పదార్థాల్ని కొన్ని బయటికి పారేసుకుని సర్దుకుని ఉంటాయి. ఇప్పుడు బయట ఉప్పుని ఒక్కసారిగా పెంచితే అవి ఉన్నపళాన కుంచించుకుపోతాయి, నరాల మీది పొర పాడవుతుంది, అది మళ్ళీ బాగుపడకపోవచ్చు. కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది: ఈ ప్లాంటుకి స్టెప్ ఇన్‌పుట్ ఇవ్వకూడదు, ర్యాంప్ ఇవ్వాలి. ఆరేసి గంటలకి రక్తం తీసి చూస్తూ, నాలుగు రోజుల్లో 116 నుంచి 133కి తెచ్చారు. మూడో రోజున నాయనమ్మ మా అమ్మని సరైన పేరుతో పిలిచి, ఆసుపత్రి ఇడ్లీ బాగోలేదని తిట్టింది. అప్పుడు మా నాన్న బయటికి వెళ్ళి ఏడ్చాడు.

ఇంటికొచ్చిన చుట్టాలంతా ఒకటే మాట, "పెద్దతనం కదా, అలాగే ఉంటుంది" అని. పెద్దతనం రెండు వారాల్లో రాదండీ. నిన్న బాగున్న మనిషి ఇవాళ తూలుతుంటే, పేర్లు తప్పు పిలుస్తుంటే, దానికి వయసు కారణం కాదు, వెంటనే చూపించాలి.

ఇక నా కథ.

ఆగస్టులో నాకూ నీరసం మొదలైంది. మూడో అంతస్తులో ఉన్న మెషీన్స్ ల్యాబుకి వెళ్ళేసరికి ఆయాసం. ఎనిమిది గంటలు పడుకున్నా లేచేసరికి రాత్రంతా మూటలు మోసినట్టు ఉండేది. నాయనమ్మ కథ అయ్యాక ఎలక్ట్రోలైట్ల గురించి నేనే పెద్ద స్పెషలిస్టుని కదా! ఇది కూడా సోడియమే అని తేల్చేసి, మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు డజను కొన్నాను. రోజుకి రెండు. అదీ ఎలా తాగానో వినండి, లీటరు నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలుపుకుని. మూడు వారాలు గడిచాయి. నీరసం తగ్గలేదు, దాహం పెరిగింది.

ఆ ప్యాకెట్ వెనకాల ఉన్న చరిత్ర మాత్రం ఆ మూడు వారాల్లోనే చదివాను. పేగుల గోడలో సోడియం, గ్లూకోజు కలిసి ఒకే తలుపులోంచి లోపలికి వెళ్తాయని 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. వాటి వెంట నీళ్ళు వస్తాయి. విరేచనాలవుతున్నా ఆ తలుపు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు మన బెంగాల్‌కి వచ్చారు, బన్‌గావ్ దగ్గర కలరా చెలరేగింది, సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టి, బంధువుల చేతే రోగులకి తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకి పడ్డాయి. ఆయన 2022లో పోయారు, పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ మనుషులు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లంతో అదే నీళ్ళు కలపడం తల్లులకి నేర్పారు.

లీటరు నీళ్ళకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సోడియం సిట్రేట్. ఇదీ 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ నిష్పత్తే మందు. నీళ్ళు తగ్గించి చిక్కగా కలిపినా, రుచి కోసం పంచదార ఎక్కువ వేసినా పేగులోకి ఎదురు నీళ్ళు లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. పళ్ళరసంలా తియ్యగా ఉండే డబ్బా పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆపించింది. దాని కోసం ఏళ్ళ తరబడి పోట్లాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు. ప్యాకెట్ దొరక్కపోతే ఇంట్లో లీటరు నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి.

సరే, నా దగ్గరికి వద్దాం. మా రూమ్మేట్ విసిగిపోయి, "నువ్వు నీ బ్రాంచిలో రీడింగ్ తియ్యకుండానే ఫ్యూజ్ మారుస్తావా?" అంది. మరుసటి రోజు ల్యాబుకి తీసుకెళ్ళింది. సోడియం 139. పొటాషియం 4.2. పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 8.9. ఆడవాళ్ళకి 12 ఉండాలి. ఐరన్ నిల్వ చూపించే ఫెరిటిన్ అట్టడుక్కి చేరింది.

అంటే నా పంపులు, అయాన్లు, వోల్టేజీ అన్నీ సలక్షణంగా ఉన్నాయి, ఆక్సిజన్ మోసే లారీలు లేవు. దీనికి ఎన్ని ప్యాకెట్లు తాగితే ఏం లాభం? నాలాంటివాళ్ళు ఎంతమందో చూస్తే నోట మాట రాలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. మా హాస్టల్ వింగులో ఇరవై మందిమి, లెక్క మీరే వేసుకోండి. నెలసరి ఎక్కువ అవుతుందని ఎవరికీ చెప్పుకోం, పొద్దున టిఫిన్ ఎగ్గొడతాం, అన్నం తిన్న వెంటనే టీ తాగుతాం. ఆ టీ తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసి, నిమ్మరసంతో వేసుకోమన్నారు, టీని భోజనానికి గంటన్నా దూరం పెట్టమన్నారు. ఒక చిన్న హెచ్చరిక: ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా వస్తుంది. ఎవరూ ముందు చెప్పకపోవడంతో నేను అర్ధరాత్రి రూమ్మేట్‌ని లేపి ఏడ్చాను.

నిజం చెప్పాలంటే ఆరోగ్యంగా ఉండి మెస్సులో మూడు పూటలా తినే మన వయసువాళ్ళకి ఉప్పు తక్కువ కావడం అరుదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. ఆవకాయ, అప్పడం, సాంబారు, సాయంత్రం మిరపకాయ బజ్జీ తినేవాళ్ళం ఆ గీత ఎప్పుడో దాటేసి ఉంటాం. రాత్రి మూడింటి దాకా మేలుకుని పొద్దున వచ్చే నీరసానికి పేరు నిద్ర, దానికి ఎలక్ట్రోలైట్ సాచెట్ లేదు.

లవణాలు నిజంగా పోయే సందర్భాలు వేరే ఉన్నాయి. వాంతులు, విరేచనాలు, రోజుల తరబడి జ్వరం. ఎండలో గంటల తరబడి చెమట: ఒక లీటరు చెమటతో సుమారు రెండు గ్రాముల ఉప్పు పోతుంది, ఆ మనిషి ఉత్త నీళ్ళే తాగుతూ పోతే మిగిలింది పలచనవుతుంది. సివిల్ వాళ్ళు మే నెలలో సర్వే క్యాంపుకి వెళ్ళేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఉపాధి పనికి వెళ్ళేవాళ్ళు ఉప్పేసిన మజ్జిగ సీసాలో పోసుకుని వెళ్తారే, చలివేంద్రాల్లో పోసేదీ అదే, దాన్ని మించినది క్యాంపులో అక్కర్లేదు. ఉప్పేసిన గంజి కూడా అంతే మంచిది. బియ్యప్పిండి ద్రావణం కలరాకి పనిచేస్తుందని ఢాకాలో పరిశోధనలు చేసి చూపించారు. మా నాయనమ్మకి ఈ సంగతి చెబితే, "గంజి సంగతి తెలుసుకోటానికి ఢాకా దాకా పోవాలంటే?" అంది.

కొబ్బరినీళ్ళ గురించి ఒక్క మాట. అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమట పట్టి, విరేచనాలై సోడియం పోయినవాళ్ళకి అదొక్కటే సరిపోదు. కిడ్నీలు పాడైనవాళ్ళకైతే పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో ఇల్లు దాటితే కొబ్బరితోట, ఊరికి ఇంతమంది కిడ్నీ రోగులు. అక్కడి నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ వాళ్ళ తాతగారికి సొంత చెట్టు కాయ తాగకూడదని డాక్టరు చెప్పారట. "తోట చూసుకుంటూ మామూలు నీళ్ళే, అవీ కొలిచి తాగుతాడు" అన్నాడు వాడు. మార్కెట్లో "తక్కువ సోడియం ఉప్పు" అని వచ్చేదాంట్లో కూడా సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళుంటే, లేదా టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడేవాళ్ళుంటే, డాక్టర్ని అడక్కుండా ఆ ప్యాకెట్ కొనకండి.

రెండు మూడు వారాలు దాటిన నీరసానికి మాత్రం ఊహాగానాలు వద్దు. హిమోగ్లోబిన్, సుగర్, థైరాయిడ్, బీ12, సోడియం, పొటాషియం, క్రియాటినిన్. ఒకే చేతి నుంచి ఒకసారి తీసిన రక్తంతో అన్నీ తేలిపోతాయి. అన్నీ బాగున్నా నీరసం పోకపోతే, పొద్దున లేవడానికి మనసే ఒప్పకపోతే, అదీ డాక్టరుకి చెప్పాల్సిన విషయమే. మన బ్యాచిలో ఆ బాపతు నీరసం ఎంతమందికి ఉందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

మా నాయనమ్మకి ఇప్పుడు మాత్ర మార్చారు. మజ్జిగలో ఉప్పు మళ్ళీ వచ్చింది, పచ్చడి మాత్రం వారానికి రెండుసార్లే. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. సోడియం అన్న మాట ఆవిడ నోట "సోడా" అయింది.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. "అమ్మాయ్, నా సోడా 138 అంట. నీ రక్తం ఎంతొచ్చింది?"

"పదకొండున్నర, నాయనమ్మా."

"పన్నెండు కావాలన్నావుగా?"

"ఇంకో నెల మాత్రలున్నాయి."

"టీ మానావంటే?"

"తగ్గించాను."

"తగ్గించటం కాదు, మానావా అని అడుగుతున్నా" అంది.